సెయింట్ లూయిస్ డౌన్‌టౌన్‌లో పాత గోడౌన్ లాఫ్ట్ అమ్మకానికుంది, 1,900 చదరపు అడుగులు, కొనచ్చా?

కృష్ణలంక_కుర్రోడు:

అందరికీ నమస్తే. నేను సెయింట్ లూయిస్ వచ్చి నాలుగేళ్లయింది, ఆఫీసు డౌన్‌టౌన్‌లో, అద్దెకుండేది చెస్టర్‌ఫీల్డ్ అనే శివారులో, వారానికి మూడ్రోజులు హైవే ఫార్టీ మీద పొద్దున గంట సాయంత్రం గంట పోతోంది. ఆగస్టుతో లీజు అయిపోతుంది కాబట్టి ఇల్లు చూడ్డం మొదలెట్టాం, ఈలోపు వాషింగ్టన్ ఎవెన్యూ మీద ఒక లాఫ్ట్, అంటే పాత గోడౌన్ని మార్చి చేసిన ఫ్లాటు, అమ్మకానికి కనిపించింది, సరదాగా చూసొద్దాం అని వెళ్లి పిచ్చెక్కి వచ్చాం. అయిదో అంతస్తు, 1,900 చదరపు అడుగులు, 13 అడుగుల ఎత్తు సీలింగు, ఇద్దరు కలిసి పట్టుకున్నా చేతులు అందనంత లావు చెక్క స్తంభాలు, గోడంతా ఎర్ర ఇటుక, కిటికీలు ఒక్కోటి మా ఇప్పటి బెడ్రూమంత ఉన్నాయి. ఒకప్పుడు బట్టల హోల్‌సేల్ గోడౌనంట. అడుగుతున్నది 2,45,000 డాలర్లు. చెస్టర్‌ఫీల్డ్‌లో ఇంత వైశాల్యానికి దీనికి రెట్టింపు చెప్తున్నారు, అందుకే ఇందులో ఏదో మెలిక ఉందని అనుమానం.

హెచ్‌ఓఏ, అంటే బిల్డింగు అసోసియేషన్‌కి కట్టే మెయింటెనెన్సు, నెలకి 812 డాలర్లు. కింద గ్యారేజీలో ఒక పార్కింగు. నాది హెచ్1బీ, గ్రీన్‌కార్డు దారిలో ఐ140 అయిపోయింది. మా ఆవిడకి కౌంటీలో (సిటీ పక్కనే ఉన్న శివారు ప్రాంతం, పాలన వేరే) ఉద్యోగం, ఎక్కువ ఇంటి నుంచే. పాపకి నాలుగేళ్లు. చలికాలం పోగానే మావాళ్లు ఆర్నెల్లు వచ్చి ఉంటారు.

వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే మొదటి మాట "ప్లాస్టరింగ్ చేయించలేదేంట్రా?" రెండో మాట "ఆ పైపులు అలా బయటే వదిలేశారేంటి?" ఇది ఇక్కడ ఫ్యాషన్ అమ్మా, గోడౌన్లని ఇళ్లు చేస్తారు అంటే, అమెరికా పోయి బెజవాడ వన్‌టౌన్ గోడౌన్‌లో కాపురం పెడతావా అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ధర ఎందుకు తక్కువ? మళ్లీ అమ్ముడవుతుందా? ఏజెంటేమో ఈ వారంలోనే ఆఫర్ పెట్టమంటున్నాడు.


చెస్టర్‌ఫీల్డ్_మామ:

తమ్ముడూ, పాపకి నాలుగేళ్లు అన్నావు, ఇంక మిగతాదంతా ఎందుకు. స్కూలు కోసం అందరూ పార్క్‌వే, రాక్‌వుడ్ స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఇళ్ల కోసం కొట్టుకుంటుంటే నువ్వు ఎదురు పోతున్నావు. గుడి ఇటే, ఇండియన్ షాపులు ఇటే, సంక్రాంతి భోజనాలు ఇటే. ఆదివారం పులిహోర కోసం అరగంట డ్రైవ్ చేస్తావా? ఏజెంటు తొందరపెడుతున్నాడంటే అది ఎన్నాళ్లుగా అమ్ముడుపోకుండా పడుందో ముందు కనుక్కో.


లాఫ్ట్‌లో_పదకొండేళ్లు:

నేను 2006లో అదే వీధిలో కొని 2017లో అమ్మాను. కొన్న రేటు కంటే తక్కువకే అమ్మాను, ముందే చెప్పేస్తున్నా. అయినా మళ్లీ ఆ రోజులొస్తే ఉండనా అంటే ఉంటాను, కొనను.

ధర ఎందుకు తక్కువ అన్నదానికి. ఆ గోడౌన్లన్నీ ఇళ్లుగా మారింది ఎక్కువగా 1998 తర్వాత. ఆ ఏడాది మన మిస్సోరీ రాష్ట్ర ప్రభుత్వం పాత భవనాల్ని బాగుచేస్తే అయిన ఖర్చులో 25 శాతం టాక్సు క్రెడిట్ (కట్టాల్సిన టాక్సులోంచి తగ్గింపు) ఇస్తామంది, ఫెడరల్ వాళ్లది 20 శాతం అప్పటికే ఉంది, రెండూ కలిస్తే బిల్డర్లకి పండగే కదా. దాని మీద సిటీ ప్రాపర్టీ టాక్సులో పదేళ్ల మినహాయింపు. నేను కొన్నప్పుడు నా టాక్సు బిల్లు చూసి మా ఆయన అచ్చు తప్పేమో అన్నాడు, అంత తక్కువ. తర్వాత 2008 మాంద్యం వచ్చింది, అమ్ముడుపోని యూనిట్లన్నీ అద్దెలకి పోయాయి, కొన్నిచోట్ల బిల్డరే చేతులెత్తేశాడు. సరిగ్గా మా పదేళ్ల మినహాయింపు అయిపోయే టైముకి టాక్సు ఒక్కసారిగా పెరిగింది, నేను అమ్మింది అప్పుడే. మీరు చూసినదానికి ఇప్పుడు మినహాయింపు ఉండదు. మిస్సోరీలో ఇంటి విలువలో 19 శాతం మీద టాక్సు వేస్తారు, సిటీలో ప్రతి వందకి 8 డాలర్ల చుట్టూ, అంటే మీ 2,45,000కి ఏడాదికి 3,700 పైమాటే. దానికి హెచ్‌ఓఏ ఏడాదికి 9,744 కలపండి. ఇల్లు చవగ్గా కనిపించేది ఇందుకే, మిగతాది నెలనెలా కట్టించుకుంటారు.

ఇంకోటి ఎవరూ చెప్పరు, ఎర్నింగ్స్ టాక్స్, అంటే సంపాదన మీద సిటీ వేసే పన్ను. సిటీలో పనిచేసినా 1 శాతం, సిటీలో ఉన్నా 1 శాతం. మీ ఆఫీసు డౌన్‌టౌన్‌లో కాబట్టి కట్టేస్తూనే ఉంటారు, ఇంటి నుంచి చేసిన రోజులకి కౌంటీలో ఉండేవాళ్లు రీఫండ్ అడగచ్చు, కోర్టు కూడా అదే చెప్పింది, సిటీలోకి మారారంటే ఆ రీఫండ్ పాయె. మీ ఆవిడ ఇప్పుడు కౌంటీలో ఉండి కౌంటీలో పనిచేస్తోంది కాబట్టి పైసా కట్టట్లేదు, రేపు సిటీలో కాపురం పెడితే ఆమె జీతం మీద కూడా 1 శాతం పడుతుంది.

ఇక కాపురం సంగతి. ఆ లాఫ్టులో బెడ్రూము గోడలు సీలింగు దాకా ఉన్నాయా చూశారా? మాకు లేవు. తొమ్మిదడుగులు లేచి ఆగిపోతాయి, పైన ఖాళీ. ఇద్దరున్నప్పుడు భలే ఉంటుంది, అత్తగారు మావగారు వచ్చి ఆర్నెల్లున్నప్పుడు ఇంట్లో గుసగుసకి కూడా చోటుండదు. ఆయన పొద్దున నాలుగున్నరకి లేచి సుప్రభాతం పెట్టుకునేవారు, పాపం చిన్నగానే, ఆ ఇటుక గోడలకి కొట్టుకుని అది గుళ్లో మైకు పెట్టినట్టు వచ్చేది. తాలింపు గురించి వేరే చెప్పాలా. పొయ్యి మీద ఉండే హుడ్ గాలిని బయటికి పంపదు, ఫిల్టర్లోంచి తీసి మళ్లీ మన మొహానికే కొడుతుంది, పాత గోడకి కొత్తగా కన్నం పెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు. ఎండుమిర్చి వేసిన రోజు పడుకునే దుప్పటి కూడా దగ్గేది.


ఇటుకలాయన:

స్ట్రక్చరల్ ఇంజినీర్ని, పాత భవనాల రిపేర్లే నా పని. పై బ్రో చెప్పిన డబ్బు లెక్కలు కరెక్టు, నేను బిల్డింగు గురించి చెప్తా.

ఈ ఊరికి ఇటుకలు ఊరికే రాలేదు. 1849లో నది ఒడ్డున ఒక స్టీమ్‌బోటుకి నిప్పంటుకుని ఊళ్లో చాలా భాగం తగలబడింది, ఆ తర్వాత చెక్కతో కట్టకూడదని రూల్ పెట్టారు. కింద మంచి ఎర్రమట్టి దొరుకుతుంది కాబట్టి అందరూ ఇటుకే. 1874లో ఈడ్స్ బ్రిడ్జి కట్టారు, అది దిగేది సరిగ్గా వాషింగ్టన్ ఎవెన్యూ మీదకే, అందుకే బట్టలు, చెప్పులు, టోపీల హోల్‌సేలర్లందరూ ఆ వీధిలో గోడౌన్లు కట్టారు. బూట్లలో ఫస్టు, తాగే మందులో ఫస్టు, బేస్‌బాల్ లీగులో లాస్టు అని ఈ ఊరి మీద ఒక పాత జోకు, ఆ బూట్ల ఫస్టు అంటే ఈ వీధే. కిటికీలు అంత పెద్దవెందుకంటే కరెంటు దీపం సరిగ్గా లేని రోజుల్లో కొనేవాడికి బట్ట రంగు పగటి వెలుగులో కనపడాలి. మీరు ఇప్పుడు మురిసిపోతున్నది ఆ హోల్‌సేలరు లైట్ల ఖర్చు మిగులు.

చెక్క స్తంభాలున్నాయన్నారు, అంటే మిల్ కన్‌స్ట్రక్షన్, లావు చెక్క స్తంభాలు, దూలాల మీద నిలబెట్టే పాత పద్ధతి. ఇలాంటివి బరువుకి గట్టివి, బట్టల బేళ్లు మోసిన ఫ్లోరు మీ సోఫాకి వంగదు. నిప్పుకి కూడా లావు దూలం పైపైన మాడుతుంది కానీ సన్న ఇనుములాగ వేడికి వంగి కూలిపోదు. కానీ చప్పుడు! ఫ్లోరంటే లావు పలకలే, వాటి మీద ఎవరైనా సరిగ్గా సౌండు లేయర్ వేశారా లేదా అన్నది మీ అదృష్టం. పై ఫ్లోర్లో కుక్క ఉంటే దాని గోళ్ల చప్పుడుతో నిద్రలేస్తారు. సాయంత్రం ఏడుకి ఒకసారి, శనివారం రాత్రి పదకొండుకి ఒకసారి వెళ్లి అరగంట ఊరికే కూర్చోండి. కాంక్రీటు స్తంభాల బిల్డింగులు కూడా ఆ వీధిలో ఉన్నాయి, పైన గొడుగులా విచ్చుకునే స్తంభాలు, వాటిలో ఈ గొడవ తక్కువ.

రెండోది ఇటుక. లోపల గోడ మీద చెయ్యి రాసి చూడండి, ఎర్ర పొడి అంటుకుందా? చాలాచోట్ల పాత రంగు వదిలించడానికి ఇసుకతో కొట్టి శుభ్రం చేశారు, ఇటుక కాలినప్పుడు పైన వచ్చే గట్టి పొర దాంతో పోయింది. ఇంక అది జన్మంతా పొడి రాలుస్తుంది, మీ అమ్మగారు ప్లాస్టరింగ్ అడిగింది తప్పేం కాదు. బయట గోడకి టక్‌పాయింటింగ్ (ఇటుకల మధ్య పాత మోర్టార్, అంటే అతికే ముద్ద, గీకేసి కొత్తది నింపడం) ఎప్పుడు చేశారు, ఏ మోర్టార్‌తో చేశారు అడగండి. ఈ పాత ఇటుక మెత్తటిది, దీనికి సున్నం మోర్టారే వాడాలి, సిమెంటు ఎక్కువేసి గట్టి మోర్టార్ పెడితే చలికి నీళ్లు గడ్డకట్టినప్పుడు మోర్టార్ కాదు ఇటుకే పగిలి ముక్కలు రాలుతుంది. ఒక బిల్డింగుకి టక్‌పాయింటింగ్ అంటే లక్షల డాలర్లు, అందులో మీ వాటా స్పెషల్ అసెస్‌మెంటు (హెచ్‌ఓఏ కాక అదనపు వసూలు) పేరుతో ఒక ఉత్తరంలో వస్తుంది.


లాఫ్ట్‌లో_పదకొండేళ్లు:

బ్రో కాదు, అక్కని 🙂 పైన "మా ఆయన" అని రాశాను కూడా. ఇటుకల మీదున్న శ్రద్ధ మనుషుల మీద పెట్టండి కాస్త.


ఇటుకలాయన:

అయ్యో సారీ అక్కా, హెచ్‌ఓఏ లెక్క దగ్గరే కళ్లు ఆగిపోయాయి.


కృష్ణలంక_కుర్రోడు:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అక్కా, గోడలు మీరు చెప్పినట్టే, పైదాకా లేవు, ఫొటోల్లో అందంగా కనిపించింది అదే. నిన్న మళ్లీ వెళ్లి గోడ మీద తెల్ల రుమాలు రాశా, గులాబీ రంగులోకి వచ్చింది. ఏజెంటు నన్ను అదోలా చూశాడు.

స్కూలు గురించి మామా, కిండర్‌గార్టెన్‌కి ఇంకో ఏడాది పైనే ఉంది, సిటీలో చార్టర్, మ్యాగ్నెట్ అని ప్రభుత్వ డబ్బుతో నడిచే ప్రత్యేక స్కూళ్లున్నాయి కానీ సీటు లాటరీలో రావాలంట. అది వచ్చినప్పుడు చూసుకుందాం అనుకున్నాం. వాస్తు కూడా అమ్మ అడిగింది, ఈశాన్యంలో లిఫ్టు ఉంది, అది మన ఇంట్లోది కాదు కాబట్టి లెక్కలోకి రాదని నేనే తీర్పు ఇచ్చేశా.

లోన్ విషయంలో ఎవరికైనా అనుభవం ఉందా? మా బ్యాంకు వాళ్లు ప్రీ అప్రూవల్ (లోన్ ఇస్తామని ముందస్తు మాట) ఇచ్చేశారు, 10 శాతం డౌన్‌పేమెంటు సరిపోతుందన్నారు.


క్లోజింగ్_కాలేదు:

ఇక్కడే ఆగండి అన్నా. ప్రీ అప్రూవల్ మీకు ఇచ్చారు, బిల్డింగుకి ఇవ్వలేదు. నాకు వేరే ఊళ్లో ఇలాంటి పాత బిల్డింగులోనే అయింది, క్లోజింగ్‌కి, అంటే ఇల్లు చేతికొచ్చే రోజుకి, తొమ్మిది రోజుల ముందు బ్యాంకోడు ఫోన్ చేసి బిల్డింగ్ పాసవలేదు అన్నాడు, అప్పటికి అద్దింటికి నోటీసిచ్చేశాం, సామాన్లు సగం డబ్బాల్లో, మా ఆవిడ ఆరో నెల. రెండు వారాలు ఫ్రెండు ఇంట్లో హాల్లో పడుకున్నాం.

విషయం ఏంటంటే కాండోకి (ఇలా బిల్డింగులో సొంతానికి కొనుక్కునే ఫ్లాటుకి) లోన్ ఇచ్చేటప్పుడు అసోసియేషన్‌కి ఒక ప్రశ్నల ఫారం పంపుతారు. 2021లో ఫ్లోరిడా సర్ఫ్‌సైడ్‌లో కాండో బిల్డింగు కూలి 98 మంది పోయారు కదా, దాని తర్వాత ఫ్యానీ మే (బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే సంస్థ) వాళ్లు రూల్స్ బిగించారు. పెద్ద రిపేర్లు వాయిదా వేసుకుంటూ వస్తే కుదరదు. ముందునుంచీ ఉన్న రూల్స్ ఎలాగూ ఉన్నాయి, బడ్జెట్‌లో కనీసం 10 శాతం రిజర్వ్‌కి (ముందు ముందు రిపేర్ల కోసం దాచే డబ్బు) పక్కన పెట్టాలి, బిల్డింగులో షాపులు ఆఫీసుల వాటా 35 శాతం దాటకూడదు. పాత గోడౌన్లలో కింద ఫ్లోరంతా రెస్టారెంటో బారో ఉంటుంది, ఒక్కోసారి రెండో ఫ్లోరు ఆఫీసులు, తక్కువ అంతస్తుల బిల్డింగైతే అక్కడే లెక్క తప్పుతుంది. ఒకే మనిషి చేతిలో చాలా యూనిట్లున్నా ఇబ్బందే. వాటిలో ఒక్కటి ఫెయిలైనా మామూలు లోన్ రావడం కష్టం, లోన్ని ఎవరికీ అమ్మకుండా తన దగ్గరే పెట్టుకునే చిన్న బ్యాంకు వెతుక్కోవాలి, వడ్డీ ఎక్కువ, డౌన్ ఎక్కువ అడుగుతారు.

దీని రెండో వైపు ఇంకా ముఖ్యం. మీకు లోన్ రాకపోతే రేపు మీ దగ్గర కొనేవాడికీ రాదు. క్యాష్ ఉన్నవాడికే అమ్మాలి, వాడు గీసిన గీతకి మీరు సంతకం పెట్టాలి. మీది హెచ్1బీ, ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆ 60 రోజుల్లో డౌన్‌టౌన్ లాఫ్టు అమ్ముడవుతుందా అని ఆ ఏజెంటునే అడగండి, మొహం చూడండి.

ఆఫర్ పెట్టేముందే అసోసియేషన్ బడ్జెట్, రిజర్వ్ ఎంతుంది, గత రెండేళ్ల మీటింగు మినిట్స్, బిల్డింగు మొత్తానికుండే మాస్టర్ ఇన్సూరెన్స్, కోర్టు కేసులేమైనా ఉన్నాయా, ఇవన్నీ తెప్పించుకోండి. ముఖ్యంగా మినిట్స్. అందులో జనాలు పోట్లాడుకున్నదంతా ఉంటుంది, టీవీ సీరియల్ కంటే బాగుంటుంది.


మెట్రోలింక్_ప్యాసింజరు:

అందరూ భయపెడుతున్నారు కాబట్టి నేను ఇంకోవైపు. ఇప్పుడు అక్కడే ఉంటున్నా, అద్దెకి. ఆఫీసుకి నడిచి తొమ్మిది నిమిషాలు. ఎయిర్‌పోర్టుకి మెట్రోలింక్ రైలు ఎక్కితే డైరెక్టు, అది ఆ ఈడ్స్ బ్రిడ్జి కింద డెక్ మీదుగానే నది దాటుతుంది, ఒకసారి పాపని ఎక్కించి అవతలి ఒడ్డుకి తీసుకెళ్లండి, అక్కణ్ణించి గేట్‌వే ఆర్చ్ చూస్తే మామూలుగా ఉండదు. పిల్లలకి సిటీ మ్యూజియం ఉంది, అది కూడా పాత చెప్పుల కంపెనీ బిల్డింగే, 1997లో తెరిచారు, బూట్లు కిందికి జార్చడానికి వాడిన సుడుల గొట్టాల్లోనే ఇప్పుడు పిల్లలు జారుతున్నారు, మా వాడు ఏడాది పాసుతో అందులోనే పెరుగుతున్నాడు. నాలుగు వీధులు నడిస్తే వెయిన్‌రైట్ బిల్డింగు, 1891ది, పది అంతస్తులు, ఆకాశహర్మ్యాల తాతగారిలాంటిది.

కానీ ఆదివారం సాయంత్రం వీధి చూడండి. ఆఫీసులు వెనక్కి రాలేదు, అది వాస్తవం. 44 అంతస్తుల పాత టెలిఫోన్ కంపెనీ టవరు 2006లో ఇరవై కోట్ల డాలర్లకి పైగా పలికింది, 2024లో నలభై లక్షల లోపు ధరకి అమ్మేశారు. బెజవాడలో ఒక మంచి అపార్ట్‌మెంట్ బిల్డింగుకి అంత పెడతారు. ఊరి జనాభా 1950లో 8,56,796, 2020లో 3,01,578. 1876లో సిటీ కౌంటీ విడాకులు తీసుకున్నాయి, అప్పుడు డబ్బున్నది సిటీ, ఇప్పుడు అదంతా కౌంటీలో ఉంది, సిటీ ఒంటరిగా బిల్లులు కట్టుకుంటోంది. మీ లాఫ్టు ధర చూసి మెలిక ఎక్కడుందా అని వెతుకుతున్నారు కదా, అది బిల్డింగులో కాదు, కిటికీలోంచి కనిపించే ఖాళీ ఆఫీసుల్లో ఉంది.

అయినా నాకు ఇష్టం. సాయంత్రం ఆరింటికి ఆ ఎర్ర గోడ మీద ఎండ పడుతుంది చూడండి, అదొక్కటి చాలు. కాకపోతే అద్దెకి ఉన్నాను కాబట్టి హాయిగా చెప్తున్నా.


చెస్టర్‌ఫీల్డ్_మామ:

చివరి వాక్యం బోల్డ్ చేయండి ఎవరైనా.


కృష్ణలంక_కుర్రోడు:

అప్‌డేట్. కాస్త ఆలస్యమైంది, పాపకి జ్వరం.

పేపర్లు తెప్పించా, ఏజెంటు ముందు ఆఫర్ పెట్టండి తర్వాత వస్తాయి అన్నాడు, కుదరదంటే నాలుగు రోజులకి పంపాడు. రిజర్వ్‌కి బడ్జెట్‌లో 6 శాతం పెడుతున్నారు. మినిట్స్‌లో గత ఏడాదిన్నరగా రెండే విషయాలు, ఒకటి లిఫ్టు, రెండు పడమటి గోడ. గోడకి టక్‌పాయింటింగ్ కొటేషన్లు రెండు తెప్పించుకుని రెండూ చూసి మీటింగు వాయిదా వేసుకున్నారు, మూడుసార్లు. ఇటుకలాయన గారూ, ఒక కొటేషన్‌లో మోర్టార్ రకం రాయనే లేదు. కుక్కల గురించి ఒక ఆర్నెల్ల యుద్ధం ఉంది, ఎవరో అయిదో అంతస్తు ఆవిడ ఫిర్యాదు, అమ్ముతున్నది ఆవిడే అని మాకు అప్పుడు అర్థమైంది.

ఆ పేపర్లు మా బ్యాంకుకి పంపితే ఈ బిల్డింగుకి మామూలు లోన్ కష్టం, 25 శాతం డౌన్ పెడితే వేరేలా చూస్తాం అన్నారు. అంత డబ్బు ఒక గోడ మరమ్మతుకి ముందుగా కట్టినట్టు అనిపించింది. మా ఆవిడ 1 శాతం టాక్సు లెక్క ఎక్సెల్‌లో వేసి ఫ్రిజ్ మీద అంటించింది, అక్కా అది మీ పుణ్యమే.

ఆఫర్ పెట్టలేదు. కానీ వదలబుద్ధి కాలేదు, అదే వీధిలో కాంక్రీటు స్తంభాల బిల్డింగులో ఒక లాఫ్టు ఏడాదికి అద్దెకి తీసుకున్నాం, ఆగస్టు నుంచి. శనివారం రాత్రి పదకొండుకి వెళ్లి అరగంట కూర్చున్నాం కూడా, కింద బారు పాటలు వినిపించాయి కానీ పైన కుక్క లేదు. ఒక బెడ్రూముకి గోడలు పైదాకా ఉన్నాయి, మావాళ్లకి అది. పాప లాటరీ పేపర్లు కూడా వేస్తాం, వస్తే ఇంకో ఏడాది, రాకపోతే మామ దగ్గరికి.

అమ్మకి ఫోన్ చేసి కొనట్లేదు, అద్దెకే అన్నా. "అద్దింటికైతే ప్లాస్టరింగ్ మనకెందుకులే" అంది.


లాఫ్ట్‌లో_పదకొండేళ్లు:

మంచి పని చేశారు. ఒక్కటే, ఆ పెద్ద కిటికీల్లో అన్నీ తెరుచుకోవు. సంతకం పెట్టేముందే ఏది తెరుచుకుంటుందో చూసుకుని పొయ్యి దగ్గరున్నది తెరుచుకోకపోతే ఒక మంచి ఫ్యాను కొనుక్కోండి, మొదటి తాలింపుకే ఫైర్ అలారం మోగి ఆరంతస్తుల జనం రోడ్డు మీదకొచ్చి నిలబడ్డారు మా గృహప్రవేశానికి.